మార్సెలిన్ ఓడ పంపు దగ్గర జరిగింది

నా పేరు తాంగీ లె బ్రాస్. వయసు నలభై ఏడు. బ్రెస్ట్ రేవుకు చెందిన ఫ్రాన్సు రాజుగారి యుద్ధనౌక మార్సెలిన్‌లో మేస్త్రీని. పలకల సందుల్లో తారు పట్టించిన నార దట్టించడం, పంపులు నడిపించడం నా పని. ఈ రోజు 1782 నవంబరు 19, సాయంత్రం నాలుగు గంటలకు నా అంతట నేనే వచ్చి విచారణ గుమాస్తా చేత రాయిస్తున్నాను. పంపు వదిలి పారిపోయాడని మా ఓడ నావికుడు గ్వెనోలే కెర్డ్రాన్‌ను రేపు పొద్దున తొమ్మిదింటికి ఉరి తీయబోతున్నారు. అతను పారిపోలేదు.

మార్సెలిన్‌ను 1756లో రోష్‌ఫోర్‌లో కట్టారు. అరవై నాలుగు ఫిరంగుల ఓడ. దానికి మొదటి నార కొట్టిన వాళ్లలో నేనొకణ్ణి. ఒక యుద్ధం చేసి వచ్చాక పదిహేనేళ్లు రేవులో ఊరికే పడి నానింది. మళ్లీ యుద్ధం వచ్చేసరికి రంగు పూసి పంపేశారు. లోపలి దూలాలు పుచ్చిపోయాయని నాకు తెలుసు. పాత ఓడకు నార మెత్తగా కొట్టాలి. గట్టిగా కొడితే మేకులతో సహా పలకే లేచిపోతుంది. అంతా తెలిసీ మొన్న సెప్టెంబరులో కొత్త ఓడకు కొట్టినట్టే కొట్టాను. లె బ్రాస్ చేతిలో బలం తగ్గిందని ఎవడూ అనకూడదనుకున్నాను. అది నా పొగరు.

ఈ నెల 11న ఉషాన్ దీవికి పడమట గాలివాన పట్టుకుంది. ఉదయం ఆరింటికి ఓడ అడుగున మూడడుగుల నీళ్లు. ఎనిమిదింటికి అయిదు. పలక ఎక్కడ లేచిందో నాకు చూడకుండానే తెలుసు. పంపు కొడుతున్న గ్వెనోలేను పిలిచాను.

"ఒరే, అది వదిలేసి నాతో కిందికి రా."

"వదిలితే చంపేస్తారు మాస్టారూ."

"పంపుల దగ్గర మాట నాది. రారా."

కిందికి వచ్చి ఆ పలకకు వీపు ఆనించి నిలబడ్డాడు. నేను సందులో దుప్పట్లు కుక్కుతున్నాను. నీళ్లు ఛాతీ దాకా వచ్చాయి.

"ఇది మీరు కొట్టిన సందే కదా మాస్టారూ?" అన్నాడు.

నోరు ముయ్యమన్నాను.

తొమ్మిదిన్నరకు పలక ఊడింది. నన్ను ముందు నిచ్చెన మీదికి తోసి తను తర్వాత ఎక్కాడు. పైనున్న అధికారి అతన్ని పంపు దగ్గర కాక అక్కడ చూశాడు. పన్నెండింటికి ఓడ మునిగింది. తోటి ఓడ పడవలు మమ్మల్ని కొందరినే ఎక్కించుకోగలిగాయి.

16న విచారణలో అతన్ని నేను పిలిచానా అని అడిగారు. పిలిచానంటే ఎందుకంటారు, ఆ పలక ఎందుకు లేచిందంటారు, నా తప్పు బయటపడుతుంది. గుర్తు లేదన్నాను. మళ్లీ అడిగారు. గుర్తు లేదన్నాను. గ్వెనోలే కాళ్లకు గోనె చుట్టుకుని నిలబడి ఉన్నాడు, బూట్లు సముద్రంలో పోయాయి.

"మాస్టారికి గుర్తు లేదంటే ఉండదులెండి అయ్యా," అన్నాడు.

ఆ రోజు నుంచి సిగ్గుతో చచ్చిపోతున్నాను.

16న నేను చెప్పింది అబద్ధం, ఇది నిజం. ఇది నాకు చదివి వినిపించారు, నేను ఒక్క మాట కూడా మార్చమనలేదు. నాకు రాయడం రాదు కనుక శిలువ గుర్తు వేస్తున్నాను. అతన్ని ఉంచిన ఓడ రేవుకు అవతల ఉంది, ఆరింటికి పోటు తిరిగితే పడవలు పోవు. అయ్యా, ఈ కాగితం ఇప్పుడే పంపండి. సిరా ఆరేదాకా ఆగకండి.

✕ తాంగీ లె బ్రాస్ గుర్తు