ఆకాశంలోకి విసిరిన ఆయిల్ డబ్బా

"లీకుకి కూడా సిగ్గుంటుంది మేస్త్రీ. దాని కళ్ళలోకి సూటిగా చూస్తే తల దించుకుంటుంది. మీరెవరూ చూడలేదు, నేను చూశాను. తేడా అంతే."

లాండ్రీ వరండాలో కాలు మీద కాలేసుకుని బావ అలా మొదలుపెట్టాడు. వీధి మొత్తానికి ఆయన బావే. లాండ్రీ నడిపే ఆవిణ్ణి మేమంతా అక్కా అంటాం, అందుకని ఆవిడ మొగుడు మాకందరికీ బావ అయిపోయాడు.

ఆ రోజు టీలు ఆయనే ఇప్పిస్తున్నాడు. ఇప్పించడానికి కారణం ఉంది. అక్క లాండ్రీ నిలబడింది ఆస్పత్రి దుప్పట్ల మీద. అవి మోసేది ఆ పాత వ్యాను. దాని గేరుబాక్సులోంచి నెలల తరబడి ఎర్రటి ఆయిల్ కారుతోంది. ఎన్ని రిపేర్లు చేసినా ఆగలేదు. ఆస్పత్రి గుమ్మం ముందు ఆ మరక మీద కాలేసి ఓ నర్సమ్మ జారిపడబోయింది. "ఇంకొక్క చుక్క కనబడిందా, వేరే లాండ్రీ చూసుకుంటాం" అన్నాడు అక్కడి మేనేజరు. అలాంటిది ఆ రోజు పొద్దున ఆయనే వంగి బండి కింద చూసి, నేల మీద వేలు రాసి చూసుకుని, "సరేనమ్మా, ఎప్పట్లాగే రండి" అన్నాడట. అక్క ఆ మాట చెప్పి లోపలికెళ్ళి ఇస్త్రీ మొదలుపెట్టింది. ఎన్నాళ్ళకో కూనిరాగం తీస్తోంది.

వ్యాను మా ఎదురుగానే ఆగి ఉంది. దాని కింద పరిచిన తెల్ల దుప్పటి వారం నుంచి మచ్చ లేకుండా ఉంది. వినేవాళ్ళం ముగ్గురం. పక్క షాపు దర్జీని నేను, బళ్ళు రిపేరు చేసే షెడ్డు మేస్త్రి, టీకొట్టాయన. మూల కుర్చీలో బావకి అత్తగారు, అంటే అక్కవాళ్ళమ్మ, దిండు గలీబులు మడతపెడుతోంది. ఆవిణ్ణి వినేవాళ్ళలో లెక్కేసుకోలేదు మేము.

"మొదట్లో నేనేమీ గొప్ప పని చెయ్యలేదు, ఉన్నమాట చెప్పుకోవాలి," అన్నాడు బావ. "మన మేస్త్రి అప్పటికే గేరుబాక్సు కింద ఆయిల్ తొట్టి ప్యాకింగు మార్చాడు, సీళ్ళు మార్చాడు, గొట్టాలు మార్చాడు. మార్చలేదా మేస్త్రీ?"

"మార్చాను," అన్నాడు మేస్త్రి టీ ఊదుకుంటూ.

"మార్చి ఓ ముక్క చెప్పాడు, రోజూ ఆయిల్ చూసుకుంటూ ఉండు అని. నేను ఊరుకుంటానా? పొద్దున్నే మొహమైనా కడక్కుండా బండి స్టార్టు చెయ్యడం, ఆయిల్ గేజి పుల్ల లాగి చూడటం, తగ్గినంతా పొయ్యడం. ఒక్కరోజు మానలేదు. అయినా కారుతూనే ఉంది. ఇక ఇలా కాదని బండి కింద దూరి పడుకుని కళ్ళు మూసుకున్నాను."

"కళ్ళు మూసుకుంటే లీకెలా కనబడుతుంది?" అన్నాను.

"కనబడ్డానికి కాదయ్యా, వినబడ్డానికి! తొట్టిలోంచి పడే చుక్క టప్ మంటుంది. సీలు దగ్గర్నుంచైతే టిప్ మంటుంది. గొట్టంలోంచి వచ్చేది కాస్త సాగదీసి టూ...ప్ అంటుంది. మరి మన బండి చుక్క ఏమందో తెలుసా? ఏమీ అనలేదు! నేను వింటున్నానని పసిగట్టి, చప్పుడు చెయ్యకుండా పడింది."

"చుక్కకి అంత తెలివా?" అన్నాడు టీకొట్టాయన.

"పాత బండి చుక్కయ్యా అది. మనందరికంటే ఎక్కువ లోకం చూసింది. సరే, ఇంట్లో దొరకని దొంగని వీధిలో పట్టుకుందామని బయల్దేరాను. బండి తిరిగిన దారంతా నడిచాను. ఇక్కణ్ణుంచి ఆస్పత్రి దాకా రోడ్డు మధ్యన ఒకటే ఎర్ర గీత. జనం అది చూసి ఏదో కొత్త బస్సు దారి అనుకుని పక్కన వరసకట్టి నిలబడ్డారు. ఓ పెద్దాయన గొడుగేసుకుని మరీ నిలబడ్డాడు. బస్సెప్పుడొస్తుంది బాబూ అని నన్నే అడిగితే లేదని చెప్పడానికి నోరు రాక, అందర్నీ వ్యానెక్కించుకుని ఎవరిళ్ళ దగ్గర వాళ్ళని దింపి వచ్చాను."

"నడిచి వెళ్ళానన్నావు కదా బావా, వ్యానెక్కడిది?" అన్నాడు టీకొట్టాయన.

"వెనక్కొచ్చి తీసుకెళ్ళాను. అంతసేపూ వాళ్ళు కదల్లేదు, నా మీద అంత నమ్మకం."

"రోజూ ఆ దారినే పోతాను, నాకే గీతా కనబడలేదే," అన్నాను.

"వాన కడిగేసింది."

"వాన ఎప్పుడు పడింది?"

"గీత మీద మాత్రమే పడిందయ్యా! మధ్యలో ఆపితే కథ తెగిపోతుంది. ఎక్కడున్నాను? ఆఁ, ఇంటికొచ్చి బండి పైకెత్తి మళ్ళీ కింద దూరాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? జాకీ జారింది! బండి బండంతా నా మీదకి దిగుతోంది. ఇంకొకడైతే అరిచేవాడు. నేను ఎడమ భుజం ఆనించాను. ఆగింది. అరవకపోవడానికి ఇంకో కారణం కూడా ఉందనుకో, అప్పుడే నువ్విచ్చిన టీ నోట్లో ఉంది. కుడిచేతిలో గ్లాసు. బండి భుజం మీద. ఒక్క బొట్టు ఒలకలేదు."

"ఒలికిందో లేదో తెలీదు కానీ ఆ గ్లాసు మాత్రం ఇంకా నాకు తిరిగి రాలేదు," అన్నాడు టీకొట్టాయన.

"గ్లాసు సంగతి తర్వాత! భుజం మీద బండి ఉండగా తీరిగ్గా టీ తాగుతూ చూశాను. అప్పుడు తెలిసింది, లీకు బయటిది కాదు. లోపలిది. అంటే లోపలికి వెళ్ళాల్సిందే. ఆయిల్ పోసే గొట్టం ఉందిగా, బొటనవేలంత లావున? ఊపిరి బిగబట్టాను, భుజాలు ముడిచాను, ముందు చెయ్యి పెట్టాను, తర్వాత తల పెట్టాను."

"తల ఎలా పట్టింది?" మేస్త్రి టీ గ్లాసు కింద పెట్టేశాడు. "అందులో నా స్పానరే పట్టదు."

"స్పానరుకి ఒదిగి ఉండటం తెలీదు మేస్త్రీ. నాకు తెలుసు, నేను ఇల్లరికం వచ్చినవాణ్ణి. లోపల చూస్తే ఏముంది, నడుంలోతు ఆయిల్! ప్యాంటు మడుచుకుని నడిచాను. ఒక్కో పళ్ళచక్రం మన వీధి వెడల్పుంది. రెండో గేరు దగ్గర దారి తప్పాను. తిరిగి తిరిగి మూడో గేరు దగ్గర తేలితే, అక్కడ ఎవరో మర్చిపోయిన స్క్రూడ్రైవరు. ఎర్ర పిడి. మేస్త్రీ, అది నీదే."

మేస్త్రి మా మొహాలు చూశాడు. "ఎర్ర పిడిది ఒకటి పోయిన మాట నిజమే," అన్నాడు అనుమానంగా. "మరి తెచ్చివ్వలేదేం?"

"చేతులు ఖాళీ ఉంటేగా? అప్పుడే కనబడింది చిల్లు! సూదిమొనంత ఉంది. లటుక్కున బొటనవేలు పెట్టి మూశాను. సరిగ్గా అదే టైముకి మీ అక్కకి ఆస్పత్రి వేళయింది. నేను లోపలున్నానని దానికేం తెలుసు పాపం, బండి స్టార్టు చేసి బయల్దేరింది. చక్రాలు తిరుగుతున్నాయి. రివర్సులో నాకు కళ్ళు తిరిగాయి. స్పీడు బ్రేకరు దగ్గర ప్రాణం పైకి పోయి కిందికొచ్చింది. వేలు తీశానా? తియ్యలేదు! ఆస్పత్రికెళ్ళి దుప్పట్లు దింపి తిరిగొచ్చేదాకా తియ్యలేదు. ఆ వేడికి నా వేలిముద్ర ఇనుములో అచ్చుపడి, చిల్లు పూడుకుపోయింది. ఇదిగో ఈ వేలే."

మేము ముగ్గురం ముందుకి వంగి చూశాం. వేలి మీద గీతలన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఆ మాటే అన్నాను.

"మళ్ళీ మొలిచాయి," అన్నాడు బావ ఏమాత్రం తడుముకోకుండా. "బండి తయారుచేసిన కంపెనీకి ఈ సంగతి ఎలా తెలిసిందో ఏమో, ఫోన్ చేశారు. అయ్యా, మీ వేలు ఒక్కసారి పంపిస్తారా అన్నారు. వేలొక్కటే ఎలా పంపను, వస్తే మనిషినే వస్తానన్నాను. అయితే విమానం పంపుతామన్నారు. పంపారు కూడా. మన వీధి మీద చక్కర్లు కొట్టి కొట్టి, దిగడానికి వీల్లేక వెళ్ళిపోయింది. దర్జీ గారి బోర్డు అడ్డమొచ్చింది."

"క్షమించు బావా," అన్నాను.

"పోనీలే. ఇక చివరి ముక్క వినండి. గేరుబాక్సులోంచి బయటికి రాగానే కనబడింది ఆయిల్ డబ్బా. ఇన్నాళ్ళూ రోజూ పొద్దున్నే నా చేత పోయించుకున్న డబ్బా. నీకూ నాకూ ఋణం తీరిందే అని తీసి విసిరాను ఆకాశంలోకి!" చెయ్యి పైకెత్తి చూపించాడు. మేమూ తలెత్తి చూశాం. "ఎంత బలంగా విసిరానంటే, ఇంతవరకూ కిందికి రాలేదు."

టీకొట్టాయన నవ్వాపుకోలేక గ్లాసులు ఏరడం మొదలుపెట్టాడు. బావ మాత్రం వ్యాను కింది దుప్పటి వైపు మరోసారి చూసుకున్నాడు. కథ చెబుతున్నంతసేపూ అలా చూసుకుంటూనే ఉన్నాడు, అప్పుడు గమనించాను.

"అయినా మన జాగ్రత్తలో మనముండాలి," అన్నాడు. "రేపు కొత్త డబ్బా తెస్తాను. రేపట్నుంచి మళ్ళీ రోజూ పొద్దున్నే చూసి పోస్తాను."

మూల కుర్చీలో మడతపెడుతున్న గలీబు ఆగిపోయింది. అత్తగారు లేచింది. మెల్లగా లోపలికి వెళ్ళింది. ట్రంకుపెట్టె జరిపిన చప్పుడు వినబడింది. తిరిగొచ్చినప్పుడు ఆవిడ చేతిలో నూనె మరకల ఎర్ర డబ్బా ఉంది. దాన్ని తెచ్చి బావ ముందున్న స్టూలు మీద పెట్టింది.

"అల్లుడుగారూ, ఇప్పుడే దిగింది."

బావ డబ్బా చూశాడు, ఆకాశం చూశాడు, మళ్ళీ డబ్బా చూశాడు.

"ఏమీ అనుకోకండి బాబూ," అంది ఆవిడ. "మీకు చెప్పేంతదాన్ని కాదు. నేను పొద్దస్తమానం ఈ కుర్చీలోనే కదా కూర్చునేది. పొద్దున మీరు పొయ్యడం, బండి తిరిగొచ్చాక అది కక్కడం రోజూ చూస్తున్నాను. చంటిపిల్లకి కడుపు నిండాక కూడా పాలు పట్టిస్తే కక్కదూ? ఇదీ అంతేనేమో, ఓ వారం పస్తు పెట్టి చూద్దామని డబ్బా తీసి నా మంచం కింద దాచాను. ఆ మర్నాటి నుంచి చుక్క పడలేదు."

మేస్త్రి చటుక్కున లేచి నిలబడ్డాడు. "బావా, ఆయిల్ చూసేది పొద్దున్నేనా? బండి కదలకముందా?"

"మరి? మొహమైనా కడుక్కోకముందే అని చెప్పలేదూ?"

"ఓరి నాయనో!" మేస్త్రి నెత్తి కొట్టుకున్నాడు. "బండి తిరిగొచ్చాక, వేడి మీద చూడాలి బావా! చల్లగా ఉన్నప్పుడు తక్కువే చూపిస్తుంది. నువ్వు అప్పుడు పుల్ల మీద పై గీత దాకా నింపితే, వేడెక్కాక పొంగి పైనున్న గాలి గొట్టంలోంచి తన్నుకొస్తుంది. గేరుబాక్సంతా తడిసిపోతుంది, ఎక్కణ్ణుంచి కారుతోందో ఎవడికి తెలుస్తుంది? నా షెడ్డుకి తెచ్చేసరికి ఎక్కువైనదంతా పోయి కొలత సరిగ్గా ఉండేది. నేను సీళ్ళు మార్చుకుంటూ కూర్చున్నాను. ఎప్పుడు చూస్తున్నావని ఒక్కసారి అడిగితే నా సొమ్మేం పోయేది!"

బావ మొహంలో రంగు పోయింది. ఇక లేచి లోపలికి పోతాడనుకున్నాను. పోలేదు. మేస్త్రి చెయ్యి పట్టుకున్నాడు.

"అయితే గేరుబాక్సులో ఏ లోపమూ లేదంటావా?"

"లేదు."

"నిజం చెప్పు మేస్త్రీ. అసలేమీ లేదా?"

"నువ్వు పొయ్యకుండా ఉంటే ఇంకా చాలా ఏళ్ళు నడుస్తుంది బావా."

బావ వదిలిన ఊపిరి వీధి అవతలికి వినబడి ఉంటుంది. కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. "వారం నుంచి కంటిమీద కునుకు లేదయ్యా," అన్నాడు, అంతసేపట్లో మొదటిసారి మామూలు గొంతుతో. "డబ్బా కనబడలేదు. కొత్తది కొనేలోపే లీకు ఆగింది. ఎందుకాగిందో తెలీదు. తెలీకుండా ఆగింది తెలీకుండానే మళ్ళీ మొదలవుతుంది కదా? ఆ ఆస్పత్రి పని పోతే మీ అక్క మొహం ఎలా చూడను అని రోజూ చీకటితోనే లేచి ఆ దుప్పటి చూసుకుంటున్నాను."

లోపల కూనిరాగం ఎప్పుడో ఆగిపోయింది. అక్క గుమ్మంలో నిలబడి ఉంది. అంతా విన్నట్టుంది. "అమ్మా, ఈ ముక్క ముందే చెబితే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా?" అంది.

"అల్లుడికి నేను చెప్పడమేమిటే, బాగుండదు," అంది ఆవిడ. "కొత్త డబ్బా కొంటాననకపోతే ఇప్పుడూ చెప్పేదాన్ని కాదు."

అక్కకి నవ్వొచ్చింది. నవ్వి నవ్వి మాసిన దుప్పట్ల మూట మీద కూలబడి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ నవ్వు చూసి బావకీ నవ్వొచ్చింది. ఆ నవ్వుతో పాటే గొంతూ తిరిగొచ్చింది. కాలు మీద మళ్ళీ కాలేశాడు.

"అది సరే కానీ, ఒక్కసారి ఆలోచించండి. అన్ని సీళ్ళు మార్చినా ఆగని లీకు. ఇంత పేరున్న మేస్త్రికి అంతుపట్టని లీకు. అలాంటి లీకుని ఏ లోపమూ లేని బండికి, ఒట్టి చేతుల్తో, ఒక్క డబ్బాతో తెప్పించినవాడు ఎవరు? మన వీధిలో ఇంకెవడి వల్లైనా అవుతుందా?"

"ఎవరివల్లా కాదు బాబూ," అంది అత్తగారు, డబ్బా తీసుకుని లోపలికి నడుస్తూ. "అందుకే ఇది నా మంచం కిందే ఉంటుంది."