తువాలు కింద బేరం

గొర్రెల దొడ్డి దగ్గర మామ ఫోన్లో గట్టిగా మాట్లాడుతుంటే, నెలలు నిండిన కోడలు గబగబా వచ్చింది.

“ఎవరు మామా?”

“పొట్టేళ్ళ వ్యాపారి. బయానా కింద ముందే నా ఖాతాకు పదివేలు ఏస్తాండాడు. నా పిన్ నొక్కమంటాండాడు.”

“నొక్కద్దు! మనం దుడ్లు పంపేటప్పుడే పిన్ కొట్టేది. వచ్చేదానికి ఏమీ అక్కర్లేదు.”

“సంతలో తువాలు కింద వాడు వేళ్ళు పట్టి ధర చెప్తే, ఒప్పుకున్నట్టు మనమూ నొక్కాల గదమ్మా! ఇదీ అంతే.”

“ఇది సంత కాదు మామా. ఎన్ని అంకెలు కొట్టినావు?”

“మూడు. ఇంగొకటే ఉండాది.”

ఆమె ఫోన్ లాక్కుని కాల్ కట్ చేసింది. ఆ ఖాతాలో ఉన్నది తన కాన్పుకు దాచిన డబ్బు.

“బతికిపోతిమి.”

ముసలాయన తల ఎత్తలేదు.

“ఏమైంది మామా?”

“ఇది రెండోసారి పాపా. ఇందాక నాలుగూ కొడితే, పడలేదు, మళ్ళా కొట్టమన్యాడు.”

ఆమె వెంటనే పొదుపు సంఘంలో చెప్పిన 1930 నంబరు గుర్తుచేసుకుని నొక్కింది.

“ఎవరికి?”

“పోలీసోళ్ళకు. ఇప్పుడే చెప్తే దుడ్లు ఆపుతారంట.”

“వాళ్ళూ పిన్ అడిగితే?”

“అడగరు మామా. అడిగితే కట్ చేస్తా,” అంది.