లూయిస్ పీల్చిన పొగ

ఎవరూ, లూయిసా? ఆ పేరు నీకెవరు చెప్పారే? మీ నాన్నయితే సగమే చెప్పుంటాడు, వాడికి ఏదీ పూర్తిగా చెప్పే ఓపిక లేదు. కూర్చో. అప్పుడింకా యానాంలో ఫ్రెంచివాళ్ళున్నారు. కాకినాడ బస్సు ఊరు దాటగానే చౌకీ దగ్గర ఆగాలి. టాపు మీది పెట్టెలన్నీ దింపి, కస్టమ్సు వాళ్ళకి విప్పి చూపించి, మళ్ళీ ఎక్కించాలి. ఆ పెట్టెలు మోసే కూలీయే లూయిసు. నిచ్చెన బస్సు వెనకాల, సరిగ్గా దాని కిందే పొగ్గొట్టం. ఇంజను మాత్రం ఆపరు. ఓనరు లక్ష్మణరావు గారి పట్టింపది. కొబ్బరికాయ కొట్టి బయల్దేరిన బండి కాకినాడ చేరేలోగా ఇంజను ఆగితే అపశకునమట. పెళ్ళాం పురిటినొప్పులు పడుతుంటే వర్జ్యం వెళ్ళాక మంత్రసానిని పిలిచిన మనిషిలే.

మనవాళ్ళు మాత్రం ఏం తక్కువ తిన్నారు? కోరింత దగ్గుకి ఆ పొగ మందని పిల్లల్ని చంకనేసుకుని చౌకీకి పరిగెత్తేవారు. మా అత్తగారు మీ నాన్నని తీసుకెళ్ళింది. వాడింకా దగ్గుతూనే ఉన్నాడు.

మరి లూయిసుకి రోజూ అదే వైద్యం కదా! ఉమ్మితే నల్లగా పడేది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. డాక్టరేమో "చుట్ట మానెయ్" అన్నాడు. "మానాలంటే ముందు మొదలెట్టాలి కదండీ" అన్నాడట వీడు. జన్మలో చుట్ట ముట్టనివాడు.

ఫిలోమినా, వాడి పెళ్ళాం, లక్ష్మణరావు గారింటికెళ్ళి గుమ్మంలో నిలబడింది. "బాబుగారూ, సామాను ఎక్కించే కాసేపూ ఇంజను ఆపించండి, మా ఆయన చచ్చిపోతాడు" అని. ఆయన పళ్ళు కుట్టుకుంటూ "అంత పడకపోతే ఊపిరి బిగబట్టమనవే" అన్నాడు. ఆ వెర్రిబాగులోడు నిజంగానే బిగబట్టాడమ్మా! కింద గుండెల నిండా పీల్చి, నెత్తిన ట్రంకుపెట్టెతో ఎక్కి, టాపు మీద వదిలేవాడు. జనం నవ్వేవారు. ఛీ, తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది. ఆ వానాకాలం దాటలేదు వాడు.

శవాన్ని సమాధులదొడ్డికి మోసుకెళ్తుంటే ఎదురుగా అదే బస్సు. ముందు సీట్లో లక్ష్మణరావు గారు. శవం ఎదురైతే మంచి శకునం కదా, దండం పెట్టుకోవాలి కదా! ఆయనే డ్రైవరు భుజం తట్టాడు. ఇంజను ఆపించాడే! దిగి, చెప్పులిప్పి, కళ్ళు మూసుకుని మరీ దండం పెట్టుకున్నాడు. ఎవరి శవమని కూడా అడగలేదు. ఆ నిశ్శబ్దంలో ఫిలోమినా ఆయన ముందు ఆగి, "అయితే ఆగుతుందన్నమాట" అంది. అంతే. ఏడవను కూడా లేదు.

...ఆ వక్కలిలా అందించు. మీ అమ్మ చేపలు తెమ్మన్నట్టుంది, వెళ్ళవేం?