ఏసీ వీపు కడిగిన శుక్రవారం

మా మీనాకుమారి రావద్దంటే మానెయ్యడమేనా తలుపులమ్మా? ఆ కోడలు మా ఇంట అడుగు పెట్టకముందు నుంచీ నువ్వు అంట్లు తోముతున్నదానివి. నాకో మాట చెప్పి వెళ్లొద్దూ?

వద్దు, మంచం వాల్చకు. ఇక్కడే కూర్చుంటాను. ఆ ఎండుచేపలు ఉండనీ. మేం వండుకోం గాని, వాసనకేం చచ్చిపోను.

అలా చూస్తావేంటి? ఒక్కదాన్నే వచ్చాను. కాలవ వంతెన దాటాక ఎటు తిరగాలో తోచక నిలబడిపోయాననుకో. సోడాబండి అబ్బులు చూపించాడు మీ ఇల్లు.

ఆ ఏసీ మిషను సంగతే చెబుదామనీ... మావాడు ప్రసాదు మోజుపడి మద్రాసు నుంచి తెప్పించాడా, ముఖమేమో వాళ్ల గదిలోకి, వీపేమో మన పెరట్లోకి. రైసుమిల్లు ఊకదుమ్మంతా ఆ వీపుకే పట్టేది. భీమవరం మెకానిక్కు వచ్చినప్పుడల్లా చెప్పేవాడు. ‘మామ్మగారూ, ముందు స్విచ్చి కట్టెయ్యండి. మెత్తటి బ్రష్షుతో దులపండి. నీళ్లు మాత్రం నేనొచ్చి కొడతానండి’ అని. చంటిపిల్లకి పద్యం నేర్పినట్టు నాచేత అప్పజెప్పించుకునేవాడు కూడాను.

మొన్న శుక్రవారం అది ఢామ్మని ఆగిపోయిందా. గదినిండా పొగ. వెనక్కి వెళ్లి చూస్తే సన్నటి రేకులన్నీ వంగిపోయి నీళ్లోడుతున్నాయి. కింద నీ బకెట్టు, నీ ఈనెల చీపురు. ఇంకేం కావాలి మా కోడలికి?

‘నేను కాదండి’ అన్నావు నువ్వు. ‘మరి దెయ్యం కడిగిందా?’ అంది.

అప్పుడు ప్రసాదు నావైపు తిరిగాడు. ‘అమ్మా, నువ్వేమన్నా చూశావా?’

‘ఏమో నాయనా, నాకేం గుర్తుండి చస్తోంది’ అన్నాను.

నమ్మేశారు. ఎందుకు నమ్మరు? పొయ్యిమీద పాలు మర్చిపోతాను. మనవరాల్ని మేనత్త పేరుతో పిలుస్తాను. నువ్వూ నమ్మే ఉంటావు. కొంగు దోపుకుని వెళ్లిపోయావు.

ఆ పొద్దున గడప కడిగి పసుపు రాస్తూ చూశానే. ఇల్లంతా శుభ్రంగా ఉంది, ఆ ఏసీ వీపొక్కటే మట్టిగొట్టుకుపోయింది. స్విచ్చి కట్టేద్దామనే లోపలికెళ్లాను. వెళ్లాక ఎందుకొచ్చానో తట్టలేదు. దేవుడి దగ్గర వత్తి ఎగదోసి వచ్చేశాను. నీ చీపురుతో గడపని రుద్దినట్టే రుద్దాను. బకెట్టెత్తి కుమ్మరించాను.

అదంటే మతిమరుపు. దానికి ఎవరేమన్నా పడతాను.

కాని వాడు అడిగినప్పుడు నాకంతా గుర్తుంది తలుపులమ్మా. చెయ్యింకా తడారలేదు. కొంగుకింద దాచుకున్నాను.

చెబితే తిడతాడనా? తిట్టడు. అదే నా భయం. ‘నువ్వింక ఏ పనీ ముట్టుకోకమ్మా’ అని మెల్లిగా అంటాడు. మా ఆడపడుచునీ అలాగే మంచి మాటలతో మూల కూర్చోబెట్టారు. కూర్చుని కూర్చుని, ఆఖరికి అన్నం కలుపుకోవడం కూడా మర్చిపోయింది ఆవిడ. ఆ మూలే కనిపించింది నాకు. నువ్వు కనపళ్లేదు.

లే, ఇద్దరం కలిసే వెళదాం. నీ ఎదుటే చెబుతాను. దారిలో మర్చిపోతే గుర్తు చెయ్యి.

గుమ్మంలోకి వెళ్లాక, నాకేం గుర్తులేదని మళ్లీ అంటానేమో. నమ్మకు.