కామేశ్వరి బొట్టు, వాల్ట్ గారి ట్రాక్టరు

రండి రండి, ఆ ఫోల్డింగ్ కుర్చీలు ఇటు లాక్కోండి. పులిహోర ప్లేట్లు ఒళ్లో పెట్టుకుని దగ్గరగా కూర్చోండమ్మా, నాకు గొంతు పెంచితే దగ్గొస్తుంది. శ్రావ్యా, ఏవడిగావు? "అంకుల్, కారు బయట వానలో పెట్టి ఈ బుల్లి ట్రాక్టర్‌ని గరాజ్‌లో పెట్టారేంటి" అనా? బాగా అడిగావు తల్లీ. అడక్కపోయినా చెప్పేవాణ్ణే అనుకో.

ఇది మన పక్కింటి వాల్ట్ గారిది. అంటే ఆయనది కాదు, వాళ్ల నాన్నది. పెరట్లో గడ్డి కోసుకోడానికీ, మంచు తోసుకోడానికీ. పొలం ట్రాక్టర్‌కి మనవడనుకోండి. ఏళ్ల తరబడి షెడ్‌లో తుప్పు పట్టి పడుంది. వాల్ట్ గారికేమో చేతులు వణుకుతాయి. ఇల్లు అమ్మేసి అరిజోనాలో కూతురి దగ్గరికి వెళ్లిపోదామనుకుంటూ, "రావ్, వెళ్లేలోపు మా నాన్న సీట్లో కూర్చుని ఒక్కసారి వీధి చివరిదాకా నడపాలనుంది" అన్నాడు. ఆ మాట చెప్పి షెడ్ వైపు చూశాడు చూడండి. సరే అనేశా. నేను చేసింది కెమికల్ ఇంజనీరింగు, జన్మలో స్పానర్ పట్టుకున్నవాణ్ణి కాదు. భారం ఆంజనేయస్వామి మీద వేసి విప్పడం మొదలెట్టా.

ఆయన కుర్చీలో కూర్చుని చెప్పడం, నేను కింద పడుకుని చెయ్యడం. విప్పిన బోల్టులన్నీ ఖాళీ పెరుగు డబ్బాల్లో దాచా. ఓసారి మా ఆవిడ కామేశ్వరి చుట్టాలకి పెరుగనుకుని నట్లు వడ్డించబోయింది, అదో గొడవ. సరే, అది కాదు నేను చెప్పేది.

అన్నీ కడిగి, రంగులేసి, పాత దుప్పటి మీద పరిచేసరికి దసరా వచ్చింది. ఆయుధపూజ! కొబ్బరికాయ కోసం నేను షాపుకెళ్లా. మేమీ దేశం వచ్చిన కొత్తలో కొబ్బరికాయంటే షికాగో దాకా పోవాల్సొచ్చేది, మీకు తెలీదులే, ఇప్పుడు రెండు సిగ్నళ్ల అవతలే దొరుకుతోంది. తిరిగొచ్చేసరికి కామేశ్వరి ప్రతి ముక్కకీ పసుపు రాసి, కుంకం పెట్టి, పువ్వు పెట్టేసింది. ఎంత ముచ్చటగా ఉందనుకున్నారు! హారతిచ్చి దణ్ణం పెట్టుకున్నాం. పైపైన తుడిచి మళ్లీ అన్నీ బిగించా.

రేపు ప్రయాణమనగా శనివారం పొద్దున బయటికి తోశాం. చక్రాల కింద నిమ్మకాయలు. వాల్ట్ గారు వాళ్ల నాన్న టోపీ పెట్టుకొచ్చాడు. తాళం తిప్పా. ఇంజను గిర్రున తిరుగుతుంది కానీ అంటుకోదు! పెట్రోలు మార్చాం, ప్లగ్గు మార్చాం. "స్పార్కే రావట్లేదు" అని ఆయన. మధ్యాహ్నం దాటింది. పాపం, టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "పోన్లే రావ్, కూర్చున్నాగా, చాల్లే" అన్నాడు.

ఆఖరికి ఇంజను పక్కనున్న చిన్న మూత విప్పమన్నాడు. లోపల పాయింట్లని రెండు బుల్లి ముక్కలుంటాయి. అవి కలిసి విడిపోతుంటేనే స్పార్కు. తీసి చూస్తే ఏముందీ! సరిగ్గా ఆ రెండూ కలిసే చోట, ఎర్రగా, గుండ్రంగా, నూనెలో నానిన కుంకం బొట్టు!

"ఏమిటీ రంగు?" అన్నాడాయన. నేను కామేశ్వరి వైపు చూశా.

"అలా చూస్తారేం? అన్నిటికీ పెట్టి దానికొక్కదానికే మానేస్తే బావుంటుందా?" అందే గానీ, మొహం ఇంత చిన్నదైపోయింది. కొంగుతో కళ్లొత్తుకుంటూ లోపలికి వెళ్లబోయింది.

గట్టి కాగితం మధ్యలో పెట్టి ఇటూ అటూ లాగితే శుభ్రమైంది. తాళం తిప్పా. డగడగడగమని... అబ్బ, వీధంతా బయటికొచ్చింది! వాల్ట్ గారు లేచాడు, టోపీ పెట్టుకున్నాడు. ఎక్కుతాడనుకున్నామా? గుమ్మం దాకా వెళ్లి, "కామేశ్వరిగారూ, అందరికంటే ఎక్కువ శ్రద్ధగా చూసింది మీరే. మొదటి రైడ్ మీదే" అన్నాడు. నోరు తిరక్క పేరు 'కామేష్' దగ్గరే ఆగిందనుకోండి.

"నాకు సైకిలే రాదు బాబోయ్" అంటూనే ఎక్కింది. నిమ్మకాయలు చితికాయి, తర్వాత ఆయన పూలమొక్కలు చితికాయి, ఆ తర్వాత ఇల్లమ్మిన బోర్డు పడిపోయింది. ఆయన పక్కనే నడుస్తూ కళ్లనీళ్లొచ్చేలా నవ్వుతున్నాడు! తర్వాత ఆయనెక్కాడు. వీధి చివరిదాకా వెళ్లొచ్చాడు. నిదానంగా. తాళం తెచ్చి కామేశ్వరి చేతిలో పెట్టాడు.

ఇప్పటికీ దసరాకి బొట్టు పెడుతుంది, బానెట్ మీద మాత్రమే.

అదమ్మా సంగతి. మిగతాదంతా మర్చిపోయినా ఫర్లేదు. అన్నాళ్లు ఎదురుచూసిన సీటు, తప్పు చేసి మొహం చాటేస్తున్న మనిషికి ముందిచ్చాడు చూడండి, అదొక్కటీ గుర్తుపెట్టుకోండి. మీకూ అలాంటి రోజొకటి వస్తుంది. అప్పుడు మీరూ అలాగే చెయ్యండి, చేసి ఇంకొకరికి చెప్పండి. చల్లగా ఉండండి, ఆ స్వామి మిమ్మల్ని... శ్రావ్యా, ఆ డబ్బా తియ్యకే, అందులో పెరుగు లేదు!