సున్నా మేడం

పెద్దలకు, తోటి ఉపాధ్యాయులకు, మేడం దగ్గర చదువుకున్న పిల్లలకు నమస్కారం. పిల్లలంటున్నాను గానీ, మీలో కొందరికి అప్పుడే జుట్టు నెరిసింది. ఇంతమంది ఆవిడ కోసం వచ్చారు. ఆవిడే ఉంటే ముందు పైకి చూసి, ఆ ఫ్యాన్లు ఏ కొక్కేనికి వేలాడదీశారో, అది బరువు ఆపుతుందో లేదో కనుక్కునేవారు. ఆ మనిషి ఇక లేరంటే నాకింకా మింగుడుపడటం లేదు.

స్టాఫ్‌రూములో ఆవిడ పక్క కుర్చీ నాది. నేను లెక్కలు, ఆవిడ ఫిజిక్స్. సున్నా మేడం అని పేరు పెట్టింది మీరే. బలాలన్నీ కలిపితే సున్నా రావాలి, టార్కులన్నీ, అంటే వస్తువును తిప్పే ప్రభావాలన్నీ, కలిపితే సున్నా రావాలి, అప్పుడే వస్తువు నిలకడగా ఉంటుందని రోజూ చెప్పేవారు. బొమ్మ గీయకుండా లెక్క మొదలుపెట్టినవాడికి మార్కులూ సున్నాయే. అందుకే కదా ఆ పేరు?

గుర్తుందా, ఇద్దరిని పిలిచి బెంచీని చెరో కొసా పట్టుకోమనేవారు. నడుమ పుస్తకాల మూట పెట్టి, మెల్లగా ఒకడి వైపు జరిపేవారు. వాడి మొహం మాడిపోయేది, రెండోవాడు ముసిముసిగా నవ్వేవాడు. "చేతికి తెలిసిందే కాగితం మీద పెట్టండి" అనేవారు. టార్కు పేరు చెబితే బిక్కచచ్చిపోయే క్లాసు, మూట ఎక్కడుంటే ఎవరికెంత బరువో ఠకీమని చెప్పేది.

ఇక మన స్కూలు వార్షికోత్సవం నాటి ఆ సంగతి. నిన్న ఆవిడ కూతురు నన్ను అడిగింది, అమ్మ ఆ ఉద్యోగం ఉత్తపుణ్యానికి పోగొట్టుకుందా అని.

అమ్మా, నీకప్పటికి ఊహ తెలియదు. స్టేజీకి పైన లైట్ల చట్రాన్ని రెండు తాళ్లతో చెరో గోడకీ కట్టారు. పైన కట్టిన తెర అంచు కింద నుంచి చట్రం కనబడుతోందని తాళ్లు బిగించి పైకి లాగారు. తాళ్లు దాదాపు అడ్డంగా, బిర్రుగా నిలిచాయి. చూడముచ్చటగా ఉందన్నాం. రెండు తాళ్లు, చెరిసగం మోస్తాయి, ఇంకేం భయం? అందరం అలాగే అనుకున్నాం, లెక్కల మాస్టార్లతో సహా.

ఆవిడ చాక్‌పీసు తీసి స్టేజీ చెక్కల మీదే బొమ్మ గీశారు. తాడు లాగుడులో పైకి లాగే భాగమే బరువును మోస్తుంది. తాడు అడ్డమయ్యేకొద్దీ ఆ భాగం తగ్గుతుంది, కాబట్టి మొత్తం లాగుడు పెరగక తప్పదు. ఒక్కో తాడు మీద చట్రం బరువుకు ఆరింతలు పడుతోందని తేల్చారు. "తాడును కాస్త వేలాడనివ్వండి" అన్నారు. ఎవరు వింటారు? ముఖ్య అతిథి వచ్చేశారు, యాజమాన్యం మండిపడింది. ఆవిడ వెళ్లి స్టేజీ మెట్ల మీద కూర్చున్నారు. చట్రం దించేదాకా పిల్లల్లో ఒక్కరినీ పైకి పోనివ్వలేదు. మరుసటి ఏడాది ఆవిడను ఉద్యోగంలో ఉంచలేదు.

ఆ తాడు తెగేదా? తెలియదమ్మా. దించేశాం కాబట్టి ఎప్పటికీ తెలియదు. చట్రం పడి ఉంటే ఆవిడ మాట నిజమని ఊరంతా ఒప్పుకునేది. పడలేదు కాబట్టి అనవసరంగా రభస చేసిందన్నారు. ఆ లెక్క నేను తర్వాత కూర్చుని మళ్లీ చేశాను. ఎక్కడా తప్పు లేదు.

ఉత్తపుణ్యానికేనా అని అడిగావు కదా. ఆ సాయంత్రం ఆ చట్రం కింద డాన్సు చేయాల్సిన పిల్లలు ఇక్కడే ఉన్నారు. బాబూ, అమ్మా, ముందు మీరు లేచి నిలబడండి. ఆవిడ కూతురు మిమ్మల్ని ఒకసారి కళ్లారా చూడాలి.

ఇప్పుడు మిగతా అందరం కూడా లేద్దాం. కాసేపు ఏమీ మాట్లాడకుండా నిలబడదాం.