మా ఇంట్లో ఇంకా రాలేదు

అండమాన్‌లో ఒక దీవి చూసి ఇంకో దీవికి బయలుదేరిన పడవ అది. వెనక బల్ల మీద తమిళనాడులోని విళాత్తికుళం నుంచి వచ్చిన తల్లీ కూతుళ్లు కూర్చున్నారు.

"అమ్మా, నాయన ఏడి?"

"అద్దో, ఒడ్డు మీదనే నిలబడుండాడు."

"అయ్యో! పడవ కదిలేటప్పుడు గైడుతో చెప్పలేదా?"

"చెప్పకేం? పేరేమి, మైకులో పిలుస్తాననె. ఆయన పేరు నా నోట ఎట్ల చెప్పేది? ‘మా ఇంట్లో ఇంకా రాలేదు’ అని అరవంలో అంటి. ఇంటికి రేపు పోతాం అవ్వా అని నవ్వి ఇంజను వేయించె."

"మనూర్లో అయితే ‘ఇంట్లో’ అంటే మొగుడని తెలుస్తాది. నాలుగు అరవం మాటలు నేర్చిన ఆ హిందీవానికి ఏం తెలుస్తాది? ఉండు, అడిగొస్తా."

కూతురు డ్రైవరు దగ్గరికి వెళ్లి వచ్చింది.

"నీళ్లు తగ్గినాయంట. ఇప్పుడు తిప్పితే పడవ రాయికి తగులుతాదంట. చిన్న పడవ పంపిస్తారంట, చానాసేపవుతాదంట."

"అందాకా ఆయన ఒంటిగానా?"

"సెల్లుకు చెప్తాం."

"తడుస్తాదని నా సంచీలోనే పెట్టినాడే."

"అమ్మా, నాయన నీళ్లలోకి దిగతా ఉండాడు! నాయనా! వద్దు!"

"ఇదో, చెయ్యూపుతా."

"ఊపొద్దు! రమ్మంటా ఉండావని ఇంకా దిగతాడు. పేరు పెట్టి పిలువు. నీ గొంతు పెద్దది."

"దేవుడా... వరదరాజులూ! దిగొద్దు! వరదరాజులూ!"

"ఆగలేదే. ఇంకా గట్టిగా పిలువు."

"ఎంత పిలిచినా వినపడదు తల్లీ. చెవి మిషను కూడా నా కొంగులోనే ముడేసుండా."